గుణుపురంలో మా పెదనాన్న జీపు: 1942 విల్లీసా, మహీంద్రానా, ఇంకేదైనానా?

గుణుపురం_బాబు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా.

మా పెదనాన్న ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక జీపు ఉంది. తాతగారు కొన్నది. ఆయన మాచ్‌ఖండ్ వైపు మట్టిపని కాంట్రాక్టులు చేసేవారు, ఎక్కడో వేలంలో పాడుకున్నారని అంటారు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్న మాట ఒక్కటే: "ఇది 1942 మిలిటరీ విల్లీస్, రెండో ప్రపంచ యుద్ధం చూసిన బండి."

మొన్న విశాఖ నుంచి పాత బళ్లు కొనే బ్రోకర్ ఒకాయన వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు, బానెట్ ఎత్తాడు, దించేశాడు. "ఇది మహీంద్రా బాబూ. ముందు జాలీకి ఏడు గీతలున్నాయి చూడు. స్టీరింగ్ కుడివైపు ఉంది. మిలిటరీదీ కాదు, పాడూ కాదు. తుక్కు రేటుకైతే తీసుకెళ్తా" అన్నాడు. పెదనాన్న అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించేశారు. అప్పట్నుంచి ఇంట్లో రెండు పార్టీలు. మా అన్నయ్య బ్రోకర్ చెప్పిందే నిజమంటాడు. పెదనాన్న అతనితో మాట్లాడటం మానేశారు.

బండి వివరాలు నాకు తెలిసినంత వరకు:

ఎర్ర రంగు. కుడిచేతి స్టీరింగ్. ముందు జాలీకి ఏడు గీతలు. బానెట్ ఎత్తు తక్కువ. ముందు అద్దం రెండు ముక్కలు, బానెట్ మీదకి పడుకోబెట్టొచ్చు. వెనక కిందికి తెరుచుకునే తలుపు ఉంది, పత్తి బస్తాలు అందులోంచే ఎక్కించేవారట. పెట్రోల్ ఇంజిన్. స్టార్ట్ చేసి చాలా ఏళ్లయింది. డాష్‌బోర్డులో చిన్న అర మూత మీద "విల్లీస్ ఓవర్‌ల్యాండ్, 1942" అని ఇంగ్లీషులో ఉన్న రేకు ప్లేటు ఉంది. ఆర్‌సీ పుస్తకంలో "విల్లీస్ జీపు" అని ఉంది, మొదటి రిజిస్ట్రేషన్ 1961, కొరాపుట్ ఆఫీసు. తయారీ సంవత్సరం గడి ఖాళీ. ఇంజిన్ నంబరు 3జే అనే అక్షరాలతో మొదలవుతుంది.

వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించాలని నా కోరిక. ఫారంలో మోడల్ ఏమని రాయాలి? ఎవరి మాట నమ్మాలి?

సిక్కోలు_శీను | ఆదివారం, రాత్రి 9:40

మిలిటరీ వేలం అంటున్నావు కదా, జోంగా అయ్యుంటుంది గురూ. మా మావయ్యకి ఒకటి ఉండేది, అచ్చం ఇలాగే ఎర్ర రంగు.

బరంపురం_హవల్దార్ | ఆదివారం, రాత్రి 10:05

శీను గారూ, రంగు చూసి బండి చెప్పకండి. నేను ఈఎంఈలో, అంటే సైన్యంలో బళ్లు రిపేరు చేసే విభాగంలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, జోంగాల కింద పడుకునే జుట్టు నెరిసింది. జోంగా అంటే నిస్సాన్ ప్యాట్రోల్ మోడల్ లైసెన్సు మీద జబల్‌పూర్‌లో 1969 నుంచి చేసిన బండి. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల ఇంజిన్. మనిషి పక్కన నిలబడితే బానెట్ నడుం దాటుతుంది. పైగా ఆర్‌సీ 1961 నాటిది. అప్పటికి జోంగా పుట్టలేదు.

బాబూ, ఒక టేపు తీసుకుని ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా కొలువు. 80 అంగుళాలు వస్తే విల్లీస్ వంశమే. అయితే ఆ వంశంలో యుద్ధకాలం విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ, తర్వాత పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏ, సీజే-3ఏ, సీజే-3బీ అన్నీ 80 అంగుళాలే. కాబట్టి ఇంటిపేరు తెలుస్తుంది గానీ మనిషి తెలియడు.

విశాఖ_పాతబండి | ఆదివారం, రాత్రి 11:20

ఏడు గీతలుంటే మహీంద్రా అని తేల్చేసిన ఆ బ్రోకర్ ఎవరో గానీ సగమే చదువుకున్నాడు. ఏడు గీతల జాలీ యుద్ధం అయిపోయాక 1945లో విల్లీస్ వాళ్లే సీజే-2ఏకి పెట్టారు. పెద్ద హెడ్‌లైట్లు పెట్టడానికి చోటు కావాల్సి వచ్చి గీతలు తగ్గించారు. యుద్ధకాలం బళ్లకి తొమ్మిది గీతలు, దీపాలు చిన్నవి, జాలీ వెనక్కి ఉంటాయి. ఆ దీపాల్ని ఒక నట్టు వదులు చేసి వెనక్కి తిప్పితే ఇంజిన్ మీద వెలుతురు పడుతుంది, రాత్రి రిపేరుకి.

మహీంద్రా వాళ్లు 1947 నుంచి విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించారు. తర్వాత ఎక్కువగా తయారైంది సీజే-3బీ. దానికి ఎత్తు ఇంజిన్ కాబట్టి బానెట్ కూడా ఎత్తుగా, పెట్టెలా ఉంటుంది. బాబు గారి బండి బానెట్ తక్కువ ఎత్తు అంటున్నారు, అంటే 3బీ కాదు. ఇక 3ఏకి ముందు అద్దం ఒకే ముక్క, అడుగున గాలి కోసం సన్న తలుపు ఉంటుంది. ఈయన బండికి రెండు ముక్కలు. కాబట్టి నా లెక్క సీజే-2ఏ. వెనక తలుపు కూడా సరిపోయింది. పౌరుల కోసం చేసిన బండి, మిలిటరీది కాదు. బ్రోకర్ తప్పు, పెదనాన్న గారూ తప్పే.

జయపురం_మిస్త్రీ | సోమవారం, ఉదయం 6:30

రాత్రి లైటార్పి పడుకున్నాక ఇంత జరిగిందా.

విశాఖ గారు చెప్పినవన్నీ పైరేకు సంగతులు. మన వైపు జీపుకి పైరేకు అంటే ఒంటి మీద చొక్కా. జాలీ బోల్టులు విప్పితే పది నిమిషాల్లో ఊడుతుంది. అద్దం ఫ్రేము ఇంకా సులువు. వెనక పలక కోసి కీళ్లు పెట్టి తలుపు చేయడం మా నాన్న చేతిమీద ఎన్నిసార్లు అయిందో. చక్రాలున్న ప్రతిదీ సరుకు మోయాలి ఇక్కడ.

బండి ఏదో చెప్పేది చాసిస్, అంటే అడుగున ఉండే ఇనుప చట్రం ఒక్కటే. బాబూ, ఈ పనులు చేసి చెప్పు.

ముందు బంపర్ వెనక, రేడియేటర్ కింద, రెండు చాసిస్ పట్టీల్ని కలిపే అడ్డపట్టీ చూడు. అది గుండ్రటి పైపు అయితే విల్లీస్ ఎంబీ. పైపు కాకుండా పలకగా, బోర్లించిన తొట్టిలా ఉంటే ఎంబీ కాదు. అలాగని అప్పుడే ఫోర్డ్ అనేయకు, యుద్ధం తర్వాతి ఫ్రేములకీ పలకపట్టీ ఉంటుంది.

తర్వాత ఎడమ పట్టీ. పైమొహం మీద, ఇంజిన్ మౌంటు దగ్గర. ఫోర్డ్ వాళ్లు నంబరు అక్కడ నేరుగా ఇనుములో కొట్టేవారు. విల్లీస్ వాళ్లయితే ఎడమ పట్టీ లోపలివైపు బంపర్ దగ్గర చిన్న ప్లేటు రివెట్ చేసేవారు, ఆ ప్లేట్లు ఊడిపోయి చాలా బళ్లకి రివెట్ కన్నాలే మిగిలాయి. గ్రీజు, మట్టి కలిసి రాయిలా పేరుకుని ఉంటుంది. కిరోసిన్ పోసి నాననివ్వు, చెక్కముక్కతో గీకు, చివర్లో వైర్ బ్రష్. గ్రైండర్ మాత్రం పెట్టకు. గ్రైండర్ పెడితే నంబరు పోతుంది, తర్వాత ఆర్‌టీఓ దగ్గర నువ్వే దొంగవి అవుతావు. అక్షరాలు కనిపించకపోతే సుద్ద రాసి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టు.

ఎడమ పట్టీ బయటివైపు స్టీరింగ్ బాక్సు బిగించిన పాత కన్నాలు ఉన్నాయేమో చూడు. యుద్ధకాలం జీపులన్నీ ఎడమచేతివి.

వెనక చక్రం మధ్యలో ఏముందో చూడు. ఆరు బోల్టుల పళ్లెం ఉంటే యుద్ధకాలం ఆక్సిల్ (ఇరుసు). ఒకటే పెద్ద నట్టు ఉంటే తర్వాతి సీజేది.

డ్రైవర్ సీటు దిండు ఎత్తి పెట్రోల్ మూత అక్కడ ఉందేమో చూడు.

విశాఖ_పాతబండి | సోమవారం, ఉదయం 8:15

మిస్త్రీ గారితో పేచీ లేదు. కానీ ఇంజిన్ నంబరు 3జే అంటున్నారు. అది సీజే-3ఏ ఇంజిన్ గుర్తు, 1949 నుంచి 53 మధ్యది. 1942 బండిలో 1949 తర్వాతి ఇంజిన్ ఎలా వస్తుంది?

జయపురం_మిస్త్రీ | సోమవారం, ఉదయం 8:22

ఎలా వస్తుందంటే, చైన్ బ్లాక్‌తో దించితే వస్తుంది. యుద్ధకాలం ఇంజిన్, 3ఏ ఇంజిన్ రెండూ ఒకే 2.2 లీటర్ల సైడ్ వాల్వు ఇంజిన్. లోపల టైమింగ్‌కి మొదట గొలుసు ఉండేది, తర్వాత గేర్లు పెట్టారు, ఇంకొన్ని తేడాలు. మౌంట్లలో మాత్రం చక్కగా కూర్చుంటుంది. మీరు ఇంజిన్ మార్చని 1940ల జీపు ఈ కొండల్లో ఒకటి చూపించండి, నేను షాపు మూసేస్తా. సగం వాటికి మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ ఉంది. బాబుది పెట్రోలే మిగిలిందంటే అదే గొప్ప.

రాయగడ_రమ | సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను వకీలుని, బళ్ల గురించి తెలియదు, కాగితాల గురించి తెలుసు. ఒక్క ప్రశ్న. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు చెప్పారు. చాసిస్ నంబరు గడిలో ఏముంది? దాని గురించి ఎవరూ అడగలేదు.

ఇంకో విషయం. కొరాపుట్ ఆఫీసు అని చూసి బండి కొరాపుట్ ఊరిదనుకోకండి. రాయగడ 1992 అక్టోబర్ 2న విడి జిల్లా అయింది. అంతకు ముందు గుణుపురం బళ్లకి కూడా కొరాపుట్ జిల్లా కాగితాలే.

గుణుపురం_బాబు | సోమవారం, మధ్యాహ్నం 1:45

అక్కా, చాసిస్ గడిలో ఆరు అంకెలు ఉన్నాయి. ముందు అక్షరాలేం లేవు. ఆ నంబరు బండి మీద ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అర మూత మీది ప్లేటులో ఉన్న నంబరు వేరే, దానికి ముందు ఎంబీ అని ఉంది.

నిర్వాహకుడు | సోమవారం, మధ్యాహ్నం 2:00

పూర్తి చాసిస్, ఇంజిన్ నంబర్లు ఎవరూ ఇక్కడ పెట్టకండి. ఆ నంబర్లతో దొంగ కాగితాలు పుట్టించేవాళ్లు ఉన్నారు. చివరి మూడు అంకెలు చుక్కలు పెట్టండి.

బరంపురం_హవల్దార్ | సోమవారం, సాయంత్రం 5:30

ఆ ప్లేటు ఫోటో చూశాను. అక్షరాలు మిలమిల మెరుస్తున్నాయి, స్క్రూలు కొత్తవి. 80 ఏళ్లు ధూళి తిన్న ప్లేటు అలా ఉండదు. ఎక్కడిది?

గుణుపురం_బాబు | సోమవారం, సాయంత్రం 6:02

ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. ఆరేడేళ్ల కిందట మా చిన్న బావ ఆన్‌లైన్‌లో తెప్పించి, పెదనాన్న పుట్టినరోజుకి బహుమతిగా బిగించాడట. పెదనాన్నకి అది కొత్తదని తెలుసు. మాకే తెలియదు. ఇన్నాళ్లూ వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ ప్లేటే చూపించారు.

సిక్కోలు_శీను | సోమవారం, సాయంత్రం 6:05

పెదనాన్న గారికి నా నమస్కారాలు చెప్పు 😄

గుణుపురం_బాబు | మంగళవారం, రాత్రి 8:50

మిస్త్రీ గారు చెప్పినవి చేశాం. అన్నయ్య కూడా వచ్చాడు, బ్రోకర్ మాట నిజమని నిరూపించడానికి. జాకీ మీద లేపి, రోడ్డు పక్కన పడున్న రైలు స్లీపర్ దుంగలు రెండు తెచ్చి కింద పెట్టాం.

చక్రాల మధ్య 80 అంగుళాలు. సరిగ్గా.

ముందు అడ్డపట్టీ పైపు కాదు. పలకగా ఉంది.

ఎడమ పట్టీ బయటివైపు వాడని బోల్టు కన్నాలు ఉన్నాయి. ఒకదాంట్లో తుప్పుతో కలిసిపోయిన విరిగిన బోల్టు ముక్క.

వెనక చక్రం మధ్యలో ఒకటే పెద్ద నట్టు.

డ్రైవర్ సీటు, అంటే ఇప్పుడు కుడివైపు ఉన్న సీటు కింద పెట్రోల్ ట్యాంకు లేదు. ఎడమ సీటు కింద ఉంది, మూత కూడా దిండు కిందే. చిన్నప్పుడు పెట్రోల్ కొట్టించాలంటే పక్కన కూర్చున్నవాళ్లని దించేవారు, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

నంబరు దగ్గరికి ఇంకా రాలేదు. మట్టి చాలా ఉంది, కిరోసిన్ పోసి వదిలేశాం.

జయపురం_మిస్త్రీ | మంగళవారం, రాత్రి 9:15

వెనక ఆక్సిల్ తర్వాతిది. సరే, అది మారింది.

ట్యాంకు ఎడమ సీటు కింద ఉందంటే డ్రైవర్ మొదట అక్కడ కూర్చున్నాడు. ఎంబీ, జీపీడబ్ల్యూలకి డ్రైవర్ సీటు కిందే ట్యాంకు. కన్నాలు ఒక్కటే అయితే నేను ఒప్పుకోను, ఎవడైనా ఎప్పుడైనా తొలిచి ఉండొచ్చు. కన్నాలూ ట్యాంకూ ఒకే వైపు ఉన్నాయి కాబట్టి చెవి ఒగ్గుతున్నా.

రివెట్లతో చాసిస్‌కి బిగించిన బ్రాకెట్లు ఉంటాయి. షాక్ అబ్జార్బర్ కొమ్ములు, బంపర్ మూలలు. వాటి మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరం అచ్చు ఉందేమో వెతుకు. ఫోర్డ్ వాళ్లు తమ ముక్కలన్నిటి మీదా, చివరికి బోల్టు తలల మీద కూడా ఎఫ్ కొట్టేవారు. బోల్టు మీద ఎఫ్ ఉంటే లెక్కలోకి తీసుకోకు, బోల్టులు ఊరంతా తిరుగుతాయి. రివెట్ చేసిన ముక్క మీద ఉంటే చెప్పు.

విశాఖ_పాతబండి | మంగళవారం, రాత్రి 10:30

తెలియనివాళ్ల కోసం: సైన్యానికి మొదటి నమూనా 1940లో బాంటమ్ అనే చిన్న కంపెనీ చేసింది. పెద్ద ఆర్డర్ విల్లీస్‌కి పోయింది. యుద్ధానికి సరిపడా విల్లీస్ ఒక్కటే చేయలేదని 1941 చివర్లో ఫోర్డ్‌ని కూడా పిలిచారు, అదీ విల్లీస్ డ్రాయింగుల ప్రకారమే చేయాలనే షరతు మీద. అందుకే ఫోర్డ్ మోడల్ పేరు జీపీడబ్ల్యూ: జీ అంటే ప్రభుత్వ ఆర్డర్, పీ అంటే ముందు వెనక చక్రాల మధ్య 80 అంగుళాల దూరానికి గుర్తు, డబ్ల్యూ అంటే విల్లీస్ డిజైన్. రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా చేశారు, అందులో ఫోర్డ్‌వి రెండు లక్షల డెబ్బై వేల పైచిలుకు. సైన్యపు షెడ్లలో ఏ ముక్క దేనికైనా సరిపోవాలి, అదీ లెక్క.

ఫోర్డ్ వాళ్లు మొదట్లో వెనక ఎడమ పలక మీద తమ పేరు పెద్దగా అచ్చు కొట్టేవారు. 1942 మధ్యలో సైన్యం వద్దంది. బాబు గారి బండికి వెనక పలక ఎటూ కోసేశారు కాబట్టి ఆ ఆధారం పోయినట్టే.

బరంపురం_హవల్దార్ | బుధవారం, ఉదయం 7:00

బాబూ, బానెట్ ఫోటో ఒకటి పెట్టావు కదా, కుడి పక్క ఎర్ర రంగు పెచ్చులూడిన చోట కింద ఆకుపచ్చ కనిపిస్తోంది. అక్కడ నీళ్లలో ముంచిన సన్న వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దు. అరచేయి అంత చోటు చాలు. పొర పొరకీ ఆగు. మిలిటరీ బానెట్ అయితే నంబరు అక్కడే రాస్తారు.

గుణుపురం_బాబు | బుధవారం, రాత్రి 9:35

అన్నీ ఒకేసారి చెప్తున్నా.

బానెట్: ఎర్ర రంగు కింద తెలుపు. దాని కింద మళ్లీ ఎర్ర, కానీ ముదురు. దాని కింద బూడిద రంగు. అన్నిటికన్నా కింద మెరుపు లేని ముదురు ఆకుపచ్చ, దాని మీద మాసిపోయిన అంకెలు. మొదటి రెండు 20 అని స్పష్టంగా ఉన్నాయి, తర్వాత 3 గానీ 8 గానీ, మిగతావి అలికినట్టు ఉన్నాయి. చివర ఇంగ్లీషు ఎస్ లాంటిది. రుద్దుతుంటే పెదనాన్న కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు.

ఎడమ ముందు షాక్ అబ్జార్బర్ కొమ్ము మీద ఎఫ్ అక్షరం ఉంది. గోటితో తడిమితే తెలుస్తోంది. రివెట్లు చాసిస్‌తో కలిసిపోయి ఉన్నాయి.

చాసిస్ నంబరు: మట్టి రెండు వేళ్ల మందం పేరుకుంది. అది ఊడాక సుద్ద రాసి, అన్నయ్య టార్చి పట్టుకుంటే చదివాను. జీపీడబ్ల్యూ, తర్వాత ఆరు అంకెలు. ఆర్‌సీ పుస్తకం చేతిలో పెట్టుకుని చూశాం. ఆరు అంకెలూ అవే.

అన్నయ్య టార్చి ఆపేసి "సరేలే" అని ఇంటికెళ్లిపోయాడు.

జయపురం_మిస్త్రీ | బుధవారం, రాత్రి 9:41

అయిపోయింది. ఫోర్డ్.

రాయగడ_రమ | బుధవారం, రాత్రి 9:58

ఇంతకీ జవాబు అరవై ఏళ్లుగా బీరువాలోనే ఉందన్నమాట. గుమాస్తా అక్షరాలు వదిలేసి అంకెలే ఎక్కించాడు, కంపెనీ గడిలో అలవాటుగా విల్లీస్ అని కొట్టాడు. ఆ రోజుల్లో జీపంటే విల్లీస్ అనే రాసేవారు, ఇప్పుడు మట్టి తవ్వే ప్రతి యంత్రాన్నీ జేసీబీ అన్నట్టు.

బరంపురం_హవల్దార్ | బుధవారం, రాత్రి 10:20

నంబరు నాకు ప్రైవేటుగా పంపాడు. ఫోర్డ్ నంబర్ల వరసలో చూస్తే 1943లో తయారైన చాసిస్. 1942 కాదు.

బానెట్ మీద 20తో మొదలయ్యే నంబర్లు అమెరికా సైన్యం క్వార్టర్ టన్ను బళ్లకి, అంటే జీపులకి ఇచ్చినవి. చివరి ఎస్ అంటే రేడియో సెట్టుకి గరగర రాకుండా ఇగ్నిషన్‌ని అణిచిపెట్టిన బండి. బ్రిటిష్ సైన్యం చేతిలో ఉన్న జీపు అయితే ముందు ఎం అక్షరం ఉండేది. అంటే ఈ బానెట్ అమెరికన్ల దగ్గర తిరిగింది.

వాళ్లు ఇక్కడికెలా వచ్చారంటే, కలకత్తా రేవులో సామాన్లు దించి అస్సాం మీదుగా బర్మా, చైనా వైపు పంపేవారు. లేడో రోడ్డు వేసింది దానికోసమే. యుద్ధం అయ్యాక ఆ బళ్లన్నీ ఓడెక్కించి వెనక్కి తీసుకెళ్లడం దండగ. 1946లో మిగులు సామాను మన ప్రభుత్వానికి అప్పగించారు, అక్కడి నుంచి వేలాలు. బెంగాల్‌లో పానాగఢ్ అప్పటి అమెరికన్ స్థావరమే, ఇప్పటికీ అక్కడ పాత మిలిటరీ బళ్ల తుక్కు బజారు ఉంది. ఈ బండి సరిగ్గా ఏ దారిలో గుణుపురం వచ్చిందో 1961కి ముందు కాగితం ఏదీ లేదు కాబట్టి అక్కడితో ఆగుదాం.

సిక్కోలు_శీను | బుధవారం, రాత్రి 10:31

1948లో లండన్ నుంచి కృష్ణ మీనన్ గారు కొన్న జీపుల కుంభకోణం ఉంది కదా, ఆ లాటులోది కాదు కదా?

బరంపురం_హవల్దార్ | బుధవారం, రాత్రి 10:36

80 లక్షల రూపాయల ఒప్పందం, చివరికి దిగినవి 155 జీపులు. ఆ లాటులోది అనడానికి ఒక్క ఆధారం లేదు. చరిత్ర పుస్తకంలో ఉన్న ప్రతి జీపునీ మన షెడ్డులోకి తోలకండి.

విశాఖ_పాతబండి | బుధవారం, రాత్రి 11:10

చాసిస్ ఫోర్డ్ అని తేలింది, సంతోషం. కానీ నిక్కచ్చిగా మాట్లాడుకుందాం. చాసిస్ ఫోర్డ్. ఇంజిన్ సీజే-3ఏ. వెనక ఆక్సిల్ సీజే. జాలీ ఏదో సీజేది లేదా ఇక్కడ చేసింది. వెనక పలక గుణుపురం వెల్డింగ్ షాపుది. స్టీరింగ్ వైపు మార్చారు. బానెట్ అమెరికన్ సైన్యానిదే గానీ ఈ చాసిస్‌దేనని ఎవరూ చెప్పలేరు. ఇంత కలగాపులగం బండిని "1943 ఫోర్డ్ జీపీడబ్ల్యూ" అని రాస్తే బయట సేకరించేవాళ్లు నవ్వుతారు.

జయపురం_మిస్త్రీ | గురువారం, ఉదయం 6:15

నవ్వేవాళ్లని నా దగ్గరికి పంపండి.

ఈ బళ్లని పుట్టించిందే ముక్కలు మార్చుకోవడానికి కదా, మీరే రాశారు మొన్న. సైన్యం వర్క్‌షాపులోనే రెండు దెబ్బతిన్న బళ్లు కలిపి ఒకటి చేసేవారు. యుద్ధంలోనే ఫోర్డ్ చాసిస్ మీద విల్లీస్ ఇంజిన్ ఎక్కింది, విల్లీస్ చాసిస్ మీద ఫోర్డ్ ఇంజిన్ ఎక్కింది. 1944లో ఇద్దరికీ ఒకే కంపెనీ బాడీలు సరఫరా చేసింది. అప్పుడు లేని అంటు ఇప్పుడెక్కడిది? ఆర్‌సీ ఇచ్చిన రోజున 3జే ఇంజిన్ ఇందులోనే ఉంది. అంటే ఆ ఇంజిన్ కూడా ఈ చాసిస్‌తో కాపురం మొదలుపెట్టి 60 ఏళ్లు దాటింది.

నేనైతే ఇలా రాస్తా: చాసిస్ ఫోర్డ్ జీపీడబ్ల్యూ, 1943. ఇంజిన్ విల్లీస్ సీజే-3ఏ. బాడీ మార్పులు ఇక్కడివి. ఉన్నదున్నట్టు. దీనికి ఒకటే పేరు పెట్టాలని చూస్తేనే తంటా. పెదనాన్న గారు ఒక పేరు పెట్టారు, బ్రోకర్ ఒక పేరు పెట్టాడు, మీరు సీజే-2ఏ అన్నారు.

విశాఖ_పాతబండి | గురువారం, ఉదయం 8:40

ముక్కల జాబితాగా రాస్తే నాకు అభ్యంతరం లేదు. అమ్మేటప్పుడు "ఒరిజినల్ జీపీడబ్ల్యూ" అనకూడదు, అంతే నా మాట. ఈ మధ్య అలాంటి ప్రకటనలు చూసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. బాబు గారూ, ఇప్పుడు అసలు తొమ్మిది గీతల జాలీ, జీపీడబ్ల్యూ ఇంజిన్ దొరికితే పెట్టేయండి. నా దగ్గర జాలీ ఒకటుంది.

రాయగడ_రమ | గురువారం, ఉదయం 9:20

ఆగండాగండి. ఇంజిన్ ముట్టుకోవద్దు.

2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బండి అయి ఉండాలి. 1961 కాబట్టి అందులో ఢోకా లేదు, తయారీ 1942నా 1943నా అన్నదానితో అర్హత మారదు. అసలు మెలిక రెండోది: చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉండాలి. ఇప్పుడు మీ ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు రెండూ ఆర్‌సీతో కలుస్తున్నాయి. అది మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క గట్టి కాగితం. "అసలైన" ఇంజిన్ అంటూ వేరేది ఎక్కించారంటే ఉన్న ఆధారం మీరే చెరిపేసుకున్నట్టు. వెనక పలక, స్టీరింగ్ మార్పు సంగతి అధికారి అడుగుతారు. ఎప్పటివో చెప్పే పాత ఫోటోలు ఇంట్లో ఉంటే వెతకండి. పెళ్లి ఫోటోల్లో జీపులు ఎక్కువగా ఉంటాయి.

దరఖాస్తు ఫారం 20. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. అది వచ్చాక రోజువారీ తిరగకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, అంతవరకే. సంతకి వేసుకెళ్తానంటే మాత్రం ఇది మీకొద్దు.

ఆ కొత్త ప్లేటు మాత్రం తీసేయండి. తనిఖీ రోజున బండి మీద మూడో నంబరు కనిపిస్తే లేనిపోని అనుమానం.

గుణుపురం_బాబు | గురువారం, రాత్రి 8:30

ప్లేటు తీయడానికి పెదనాన్న ఒప్పుకోలేదు. తనిఖీ రోజున తీసి తర్వాత మళ్లీ పెట్టుకుంటారట. "ఫోర్డ్ అంటే కార్ల కంపెనీ కదరా, మనది జీపు కదా" అని రెండుసార్లు అడిగారు. 1943 అన్నదానికి మాత్రం బాగా నొచ్చుకున్నారు, ఒక ఏడాది తగ్గిందని.

పెళ్లి ఆల్బమ్ దొరికింది రమక్కా. మా పెద్దత్త పెళ్లి, 1968. జీపు ముందు అరటి పిలకలు కట్టి ఉన్నాయి, జాలీ కనిపించడం లేదు. కానీ తాతగారు కుడివైపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. అంటే ఎడమ నుంచి మార్చింది అంతకు ముందే.

బ్రోకర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి తుక్కు రేటు మాట లేదు. "ఏదైనా నంబరు దొరికిందా" అని అడిగాడు. మాకంటే ముందే ఏదో అనుమానం ఉన్నట్టే ఉంది. అమ్మేది లేదని పెదనాన్నే ఫోన్ తీసుకుని చెప్పారు.

మిస్త్రీ గారూ, హ్యాండిల్ పెట్టి ఇంజిన్ తిప్పి చూద్దామనుకుంటున్నాం రేపు.

జయపురం_మిస్త్రీ | గురువారం, రాత్రి 8:37

రేపు వద్దు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్, కాస్త కిరోసిన్ కలిపి పోయి. పైన గుడ్డ కప్పు. వారం వదిలెయ్. అప్పుడు కూడా హ్యాండిల్‌తో బలవంతం చేయకు, టాప్ గేర్‌లో పెట్టి బండిని చేత్తో అంగుళం ముందుకీ వెనక్కీ ఊపు. కదిలితే సరే. కదలకపోతే ఫోన్ చెయ్, పర్లాకిమిడి మీదుగా ఎటూ వచ్చే పని ఉంది, హెడ్ విప్పుదాం. పాత పెట్రోలు ట్యాంకులో ఉంటే ముందు దాన్ని తీసి పారబొయ్యి.

సిక్కోలు_శీను | గురువారం, రాత్రి 9:02

ఇంతకీ మా మావయ్య బండి జోంగానే అని ఎలా తెలుసుకోవాలి? చాసిస్ మీద ఎక్కడ చూడాలి?

నిర్వాహకుడు | గురువారం, రాత్రి 9:10

శీను గారూ, దానికి కొత్త చర్చ మొదలుపెట్టండి. ఫోటోలు పగటి వెలుతురులో తీయండి.